కలిపి ఏకిన దూది

పరుపులాయన కుట్టిన పరుపు మీద ఎక్కడ చెయ్యి వేసి నొక్కినా ఒకేలా దిగుతుంది. ఆయన గొప్ప చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది, అది కూడా అడిగితేనే చెప్పేవాడు. బజారు చివర మూల కొట్టు ఆయనది. ఎంత ఉక్కపోసినా లోపల ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు, వేస్తే ఏకిన దూదంతా వీధిన పడుతుందని. ఆ దూది ధూళి నెత్తిమీదా కనుబొమల మీదా పట్టి, పాతికేళ్ల వయసులోనే ముసలాడిలా కనిపించేవాడట. అసలు ముసలితనం వచ్చాక ఎవరూ తేడా కనిపెట్టలేదని ఆయన భార్య నవ్వేది.

జనం ఎక్కువగా పాత పరుపులు మోసుకొచ్చేవాళ్లు. ఏళ్ల తరబడి పడుకుని పడుకుని దూది గడ్డలు కట్టి, నడుం కింద గుంట పడ్డవి. ఆయన దబ్బనంతో కుట్లు విప్పి, లోపలి దూది తీసి ఎండబెట్టి, దానికి కొంచెం కొత్త దూది జతచేసి ఏకేవాడు. పాతది అడుగున వేసి కొత్తది పైన పరిచేస్తే సగం పని తగ్గిపోతుంది, చాలామంది అలాగే చేస్తారు. ఆయనకి అలాంటివాళ్లని చూస్తే ఒళ్లు మండేది. రెండూ కలిపి ఏకాలి, ఏది పాతదో ఏది కొత్తదో కుట్టినవాడికి కూడా తెలియకూడదు, అప్పుడే పడుకున్నవాడికి అన్యాయం జరగదు అనేవాడు. పరుపుల విషయంలో ఆ మాటకి తిరుగులేదు. మనుషుల విషయంలో కూడా తిరుగులేదనుకున్నాడు, అక్కడే దెబ్బ తిన్నాడు.

దగ్గు ముందు దూది వల్లే అనుకున్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాడు, కొన్నాళ్లు కొట్టు మూశాడు, దగ్గు మాత్రం పోలేదు. మెట్లెక్కితే ఆయాసం, ఆ తరవాత చొక్కా తొడుక్కున్నా ఆయాసం. భార్య పోరు పడలేక పెద్దాసుపత్రికి వెళ్తే, ఊపిరితిత్తులు లోపల మచ్చ కట్టి గట్టిపడిపోతున్నాయని చెప్పారు. గట్టిపడింది మెత్తబడదట. ఇక మీదట గట్టిపడకుండా ఆపే మందేమైనా ఉందా అంటే, ఒకటి వచ్చింది, పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నాం, ఇష్టమైతే మీరూ చేరవచ్చు అన్నారు డాక్టరుగారు.

ఆ డాక్టరుగారు ఏదీ దాచలేదు. చేరినవాళ్లలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మందు ఇస్తారని ముందే చెప్పారు. పైకి రెండూ ఒక్కలాంటి క్యాప్సూళ్లే. ఎవరికి ఏది వెళ్లాలో ఎక్కడో కంప్యూటరు తేలుస్తుంది. ఇచ్చే నర్సుకీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. అందరికీ అసలుదే ఇస్తే ఏం పోయిందని పరుపులాయన అడిగాడు. మందు వేసుకుంటున్నామన్న ధైర్యంతోనే కొందరికి ఆయాసం తగ్గినట్టుంటుందని, కొందరి జబ్బు ఏ మందూ లేకుండానే కొన్నాళ్లు నిలకడగా ఉంటుందని, ఉత్తుత్తిది వేసుకున్నవాళ్లని పక్కన పెట్టి చూస్తే తప్ప మందు చేసిందెంతో తేలదని ఆయన ఓపిగ్గా చెప్పారు. తేలకుండా అందరికీ ఇచ్చేస్తే, రేపు అది విషమైనా తెలియదన్నారు. ఈ మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. జబ్బు లేనివాళ్లకి ఇది ఇంకా చక్కగా అర్థమవుతుంది. పరుపులాయన తలూపి వేలిముద్ర లాంటి సంతకం ఒకటి గీకి బయటికొచ్చాడు. ఇంటికెళ్లేదాకా ఆయన బుర్రలో ఉన్నది ఒకటే, ఆ రెండో సగంలో తను పడకూడదని.

కండక్టరు పరిచయమైంది ఊదే గదిలో. నెలనెలా అక్కడ ఒక గొట్టంలో ఊపిరంతా ఊదాలి. పక్కన నర్సు నిలబడి ఇంకా, ఇంకా, ఇంకా అని తరుముతుంది. కండక్టరు బస్సులో పనిచేసినన్నాళ్లూ విజిలు జేబులోంచి తీయకుండా రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసి బస్సు ఆపిన మనిషి. ఇప్పుడు ఆ గొట్టంలో ఊదితే మిషనులో గీత కాస్త లేచి చతికిలబడింది. ఆయన ఆ గీత వంక చూసి, స్టేజీ రాకముందే దిగిపోయిందమ్మా అన్నాడు. నర్సు నవ్వింది. బల్ల మీద తన వంతు కోసం బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పరుపులాయనకి కూడా, ఆ ఆసుపత్రిలో అడుగుపెట్టాక మొదటిసారి నవ్వొచ్చింది.

ఆయన కంటే కండక్టరు నాలుగైదేళ్లు చిన్న. వెంటనే అన్నా అని వరస కలిపేశాడు. మొదటి నెల మందు సీసాలు ఇద్దరూ ఒకే రోజు తీసుకున్నారు. రెండో నెల కలిసేసరికి కండక్టరు మొహం పీక్కుపోయి ఉంది. క్యాప్సూలు వేసుకున్న కాసేపటికి కడుపులో దేవినట్టవుతోందని, నాలిక మీద రుచి చచ్చిపోయిందని, ఎండలోకి వెళ్తే చేతులు మంటలెత్తుతున్నాయని చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన కళ్లలో బాధ కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. ఉత్తుత్తి మందుకి ఇంత యాతన ఉండదు కదా అన్నా అన్నాడు.

పరుపులాయనకి ఏమీ కాలేదు. నెలంతా సుబ్బరంగా తిన్నాడు, సుబ్బరంగా అరిగింది. ఆ మాట పైకి అనలేదు గానీ, ఆ రెండో సగంలో పడింది తనేనని ఆయనకి భయం పట్టుకుంది.

ఆ రోజు సీసాలు తీసుకుని ఇద్దరూ ఆసుపత్రి వెనక సైకిల్ స్టాండు పక్క సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పరుపులాయన చాలాసేపు తువ్వాలు అంచు నలుపుతూ కూర్చుని, చివరికి తన వృత్తిలోని మాటే ఎత్తాడు.

"తమ్ముడూ, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోకు. రెండు సీసాలూ కలిపేద్దాం. కలిపి చెరిసగం చేసుకుందాం. ఇద్దరికీ అసలుదే అయితే పోయేదేం లేదు. ఇద్దరికీ ఉత్తిదే అయినా పోయేదేం లేదు. ఒకడికి అదీ ఒకడికి ఇదీ అయితే, ఇద్దరికీ సగమన్నా అందుతుంది."

ఎంత న్యాయంగా ఉందో చూడండి. కొట్టుకొచ్చినవాళ్లకి ఇన్నేళ్లుగా చెప్పిన మాటే. కాని అప్పుడు పరుపులాయన దూది గురించి ఆలోచించడం లేదు, కండక్టరు కడుపులో వికారం గురించి ఆలోచిస్తున్నాడు. అసలు సీసా ఎవరి చేతిలో ఉందో ఆ బల్ల మీద ఇద్దరికీ తెలుసు. న్యాయం మాట ఎత్తినవాడు భయంతో ఎత్తాడు. నాకు ఈ మనిషి మీద కోపం వస్తుంది, ఆ స్థితిలో నేనుంటే ఏం చేసేవాణ్ణో తలుచుకుంటే ఆ కోపం నిలవదు.

కండక్టరు సైకిళ్ల వంక చూశాడు. తరవాత, "సరే అన్నా. బస్సులో ఒక సీటుంటే ఇద్దరం సర్దుకోమూ?" అన్నాడు.

పరుపులాయన తువ్వాలు బల్ల మీద పరిచాడు. రెండు సీసాలూ దాని మీద వంపారు. ఆయన వేళ్లు అలవాటు ప్రకారం వాటిని కిందికీ మీదికీ తిప్పి కలిపేశాయి. మళ్లీ ఏ సీసాకి ఆ సీసా నింపుకుని మూతలు బిగించారు. మిగిలినవి లెక్క చూసే నర్సుకి ఎన్నడూ తేడా రాలేదు.

అలా నెలనెలా సాగింది. ఇద్దరికీ అదొక ఆట కూడా అయింది. ఏ రోజైనా పరుపులాయనకి కడుపులో తిప్పినట్టుంటే, ఇవాళ నాకు అసలుది తగిలిందని కండక్టరుకి ఫోను చేసేవాడు. ఆయన అవతలి నుంచి, అయితే నాకు ఇవాళ సున్నం పిండి అన్నమాట, హాయిగా భోంచేశా అనేవాడు. వడలిన మొహాల్లో మళ్లీ కుర్రతనం వచ్చిందని ఇద్దరి భార్యలూ అనుకున్నారు. పరుపులాయన కొట్టు మళ్లీ తెరిచాడు. ఏకడం మిషను మీద చేయించి, కుట్టడం మాత్రం తనే కుట్టేవాడు. ఊదే గదిలో ఆయన గీత దిగలేదు. డాక్టరుగారు దాన్ని చూసి తృప్తిగా తలూపారు.

కండక్టరు గీత దిగుతూ వచ్చింది.

మొదట ఆసుపత్రి వరండాలో నడిపించే పరీక్షలో మధ్యలో ఆగడం మొదలైంది. ఆగినప్పుడు గోడకి చెయ్యి ఆనించి, వెనక బండ్లు పోనివ్వండి అనేవాడు. తరవాత ఆ జోకు వేయడానికి కూడా ఊపిరి చాలేది కాదు. ఇంట్లో వెల్లకిలా పడుకోలేకపోతున్నాడని తెలిసి, పరుపులాయన తల వైపు ఎత్తుగా, కాళ్ల వైపు వాలుగా ఉండే పరుపొకటి కుట్టాడు. అలాంటిది ఆయన ఎప్పుడూ కుట్టలేదు. వాలు నిలవడానికి లోపల దిండులాంటిది వేరేగా కుట్టి కలపాల్సి వచ్చింది. స్వయంగా తీసుకెళ్లి వేశాడు. కండక్టరు దాని మీద ఒరిగి కళ్లు మూసుకుని, డ్రైవరు పక్క సీటులా ఉందన్నా అన్నాడు. కండక్టరు భార్య గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. నెమ్మదస్థురాలు, ఎప్పుడొచ్చినా అన్నయ్యా అని మంచినీళ్లిచ్చేది.

ఆ రోజు పరుపులాయన ఒక మాట అనాలనే వెళ్లాడు. కలపడం మానేద్దాం, నీ సీసా నువ్వే వేసుకో అని. దారి పొడుగునా ఆ మాట మనసులో అనుకుంటూ వెళ్లాడు. మంచం పక్కన కూర్చున్నాక, తన ఛాతీ లోపల ఊపిరి ఎంత తేలిగ్గా ఆడుతోందో ఆయనకే వినిపించింది. మానేస్తే కండక్టరు గొంతులోని ఆ గురకే రేపు తనకీ వస్తుంది. నోరు తెరిచాడు. తెరిచి, కాస్త టీ పెట్టిస్తావా అమ్మా అన్నాడు.

ఆ నెల కండక్టరు ఆసుపత్రికి రాలేక, తన సీసా తెమ్మని పరుపులాయనకే చెప్పాడు. పరుపులాయన తెచ్చాడు. దారిలో సిమెంటు బల్ల దగ్గర ఆగాడు. ఎప్పటిలాగే తువ్వాలు పరిచాడు. ఈసారి కలపడానికి ఆయనొక్కడే ఉన్నాడు. వద్దనుకుంటే వద్దనుకోవచ్చు, అడిగేవాళ్లెవరూ లేరు. కలిపాడు.

ఆ సీసా అయిపోకుండానే కండక్టరు పోయాడు. పరుపులాయన వెళ్లి ఓ మూల నిలబడి, ఏడ్చేవాళ్లతో పాటు ఏడ్చి వచ్చాడు. నిజంగానే ఏడ్చాడు. అంత మంచి స్నేహితుడు ఆయనకి ఆ వయసు దాకా దొరకలేదు.

పరీక్ష ముగిశాక డాక్టరుగారు అందరినీ పిలిపించి ఒక్కొక్కరితో మాట్లాడారు. మందు మచ్చని మాన్పదు గానీ అది ముదరడాన్ని నెమ్మదింపజేస్తోందని తేలిందట. మనం ఆశించినంత కాదు, అయినా మేలే అన్నారు. తరవాత పరుపులాయనతో, మీకు ఇన్నాళ్లూ వెళ్లింది ఉత్తుత్తిది, అయినా మీరు ఇంత నిలకడగా ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంది, ఇక మీదట మీకూ అసలు మందే ఇస్తాం అని సంతోషంగా చెప్పారు.

పరుపులాయన కండక్టరు సంగతి అడిగాడు. వాళ్ల ఇంటివాళ్లకి ఇప్పటికే ఫోను చేసి చెప్పామని, ఆయనకి వెళ్లింది అసలుదేనని, ఏ మందూ అందరికీ ఒకేలా పనిచేయదని డాక్టరుగారు ఓదార్పుగా అన్నారు. అప్పుడు పరుపులాయన చెప్పేశాడు. తువ్వాలు, సైకిల్ స్టాండు, చివరి నెల ఒక్కడే కలిపిన సీసా, అన్నీ చెప్పాడు. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారేమోనని పరుపులాయన ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండేది.

"పూర్తిగా వేసుకునుంటే బతికేవాడాండీ?"

"ఏమో. ఉండేవాడేమో, లేదేమో." డాక్టరుగారు కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంటూ అన్నారు, "అది తెలుసుకోవడానికే కదండీ ఇదంతా పెట్టుకున్నది. ఇప్పుడిక ఆయన సంగతి ఎవరూ చెప్పలేరు."

కొత్త సీసా చేతికిచ్చారు. మర్నాడు పొద్దున్న మొదటి క్యాప్సూలు, సాయంత్రం రెండోది వేసుకున్నాడు. ఏది ఏదో అన్న సందేహం ఇప్పుడు లేదు. కొద్దిరోజులకల్లా పూటపూటకీ కడుపులో దేవడం మొదలైంది. అన్నం మట్టిలా ఉంది, కొట్టు ముందు ఎండలో నిలబడితే చేతులు మండాయి. కండక్టరు మొదట్లో చెప్పినవన్నీ ఒక్కటి కూడా తప్పకుండా వచ్చాయి. భార్య మజ్జిగ కలిపి తెచ్చి, పోనీ మానేయకూడదా అంది. ఆయన గ్లాసు పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లాడు. తిన్నది కక్కుకుంటూ కూడా ఈ మందు కోసం కండక్టరు ఎంత సంతోషించాడో, అందులో సగం తీసి ఎలా పెట్టేశాడో తలుచుకుని, పెరటి గట్టు మీదే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ వారమే కండక్టరు ఇంటికి వెళ్లాడు. కండక్టరు భార్య తలుపు తీసి పక్కకి తప్పుకుంది. లోపల మంచం మీద ఆ వాలు పరుపు అలాగే ఉంది, దుప్పటి మాత్రం లేదు. ఆయన కూర్చోలేదు. నిలబడే, దారంతా కూడబలుక్కున్నది చెప్పాడు. మీ ఆయన మందులో సగం నేను తిన్నానమ్మా అన్నాడు.

"తెలుసు," అంది ఆవిడ.

పరుపులాయన తలెత్తి చూశాడు.

"కలుపుకున్న రోజే ఇంటికొచ్చి చెప్పారు. నాది అసలుదేనే, ఆయనది కాదు, పాపం ఆయన మొహం చూడలేకపోయాను అన్నారు. వద్దన్నాను. కాళ్లు పట్టుకున్నాను. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేనన్నారు." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆయన మంచాన పడ్డాక మీరొచ్చిన ప్రతిసారీ ఆ గుమ్మంలో నిలబడి చూశాను. మీరే ఇక చాలంటారేమోనని."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. ఒకసారి అందామనే వచ్చానమ్మా అని చెప్పొచ్చు. చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ రోజు తను టీ అడిగితే ఈవిడే పెట్టి తెచ్చిందని గుర్తొచ్చింది. అంతా తెలిసే తెచ్చింది.

ఆవిడ మంచం వైపు చూపించింది. ఈ వాలు మీద తను పడుకోలేకపోతున్నానని, విప్పి మామూలు పరుపులా కుట్టి తెచ్చిపెట్టమని అడిగింది. అన్నయ్యా అనలేదు. ఆయన పరుపు చుట్ట చుట్టుతుంటే వెనక నుంచి, "కొత్త దూది ఏమీ కలపకండి," అంది.

మిషనుకి వేస్తే అక్కడ ఇంకెవరి దూదో కాస్తయినా అంటుకుంటుంది. అందుకని అటక మీద పడున్న, దూది ఏకే పాత విల్లు దింపాడు. భార్య అడ్డం పడింది, ఆ ధూళికి చచ్చిపోతావంది. ముక్కుకి రెండు గుడ్డలు కట్టుకుని కూర్చున్నాడు. కుట్లు విప్పి, వాలు కోసం వేసిన దిండు ఊడదీసి, కండక్టరు వీపు ఆనిన చోట గడ్డకట్టిన దూదిని వేళ్లతో విడదీశాడు. కాస్త ఏకడం, గోడకి చేరగిలబడి దగ్గడం, మళ్లీ ఏకడం. పొద్దస్తమానం అదే పని. చుట్టుపక్కల కొట్లవాళ్లు ఈయనకి మతిపోయిందనుకున్నారు.

కొత్త దూది లేకుండా పాతది ఎంత ఏకినా పొంగదు. నలిగి చచ్చిన దూదికి నిండుతనం రాదు. ఆయన ఎంత సర్ది పరిచినా ఒకచోట పలచబడింది, ఒకచోట గట్టిగా తగిలింది. ఇన్నేళ్లలో అలాంటి పరుపు ఆయన చేతి నుంచి బయటికి పోలేదు. గుప్పెడు కొత్త దూది వేస్తే ఎవరికీ తెలియదు. బస్తా చేతికందేంత దూరంలోనే ఉంది. దాని వంక చూడకుండా కుట్టాడు.

ఆవిడ దాన్ని మంచం మీద పరిచి, అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరదాకా నిమిరింది. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగింది.

"ఇక్కడ గుంటగా ఉంది," అంది.

"ఏమీ కలపలేదమ్మా," అన్నాడు పరుపులాయన.

ఆవిడ ఆ గుంట మీదే చెయ్యి ఉంచి కూర్చుంది. ఆయన కాసేపు గుమ్మంలో నిలబడి, చెప్పులు వేసుకుని, రెండు చోట్ల ఆగి ఊపిరి తీసుకుంటూ మెట్లు దిగాడు.